ఒమన్: డిసెంబరులో ఎనిమిది రోజులు, ఆరుగురం. ప్లాన్ ఒకసారి సరిచూడండి

ఉత్తరాంధ్ర_ఊళ్ళు
డిసెంబరు మూడో వారం, హైదరాబాద్ నుంచి మస్కట్. గురువారం ఉదయం దిగి, పై గురువారం రాత్రి తిరుగు విమానం. మొత్తం ఆరుగురు, అందులో ఇద్దరు డెబ్బై దాటినవాళ్ళు. అనుకున్నది ఇదీ: గురు విశ్రాంతి, శుక్ర పెద్ద మసీదు, ముత్రా బజారు. శని వాదీ షాబ్ (వాదీ అంటే నీళ్ళు పారే కొండలోయ). ఆది ఎడారిలో రాత్రి బస. సోమ నిజ్వా, జబల్ షమ్స్ కొండ. మంగళ, బుధ కారులో సలాలా. గురువారం తిరిగి మస్కట్. ఏడు సీట్ల బండి ఒకటి అద్దెకు తీసుకుంటే చాలా? ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

ముత్రా_మెట్లు
ముందు శుక్రవారం సంగతి. సుల్తాన్ ఖాబూస్ పెద్ద మసీదులోకి ముస్లిమేతరులను ఉదయం 8 నుంచి 11 దాకానే రానిస్తారు. శుక్రవారం అస్సలు రానివ్వరు. ముత్రా సూక్ కూడా శుక్రవారం పొద్దున మూసే ఉంటుంది, సాయంత్రమే సందడి. అంటే ఆ పొద్దున రెండు చోట్లా తాళమే.

అదే శుక్రవారం పొద్దున నిజ్వాలో మేకల సంత. వారానికి ఆ ఒక్క పూటే. కాబట్టి ప్లాన్‌ని తలకిందులు చెయ్యండి. గురువారం దిగగానే మస్కట్‌లో ఆగకుండా నిజ్వా వెళ్ళిపోండి (160 కిలోమీటర్ల చిల్లర, మంచి హైవే, రెండు గంటలు). మస్కట్‌ని ఆఖరికి పెట్టుకోండి. వారాంతం అక్కడ శుక్ర, శని. ఆదివారం పనిదినం, ఆఫీసులు కూడా తెరిచే ఉంటాయి.

మంగళ, బుధల్లో కారులో సలాలా అంటే మటుకు లెక్క తప్పింది. మస్కట్ నుంచి సలాలా ఇంచుమించు వెయ్యి కిలోమీటర్లు. వెళ్ళడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు. చూడ్డానికి మిగిలేది సున్నా.

కరీంనగర్_కాక
డిసెంబర్‌ల సలాలా పోయి ఏం జూస్తరన్నా? ఇంటర్నెట్‌ల కనబడే పచ్చటి గుట్టలు, పొగమంచు, జలపాతాలు అన్నీ ఖరీఫ్‌వి. జూన్ 21 నుంచి సెప్టెంబర్ 21 దాంక. మనకు ఖరీఫ్ అంటే వానకాలం పంట, వాళ్ళకు వానకాలమే. గాలి కూడ ఒక్కటే, మన నైరుతి రుతుపవనమే. ఆ గాలికి సలాలా ఉన్న దోఫార్ తీరంల సముద్రం అడుగు నీళ్ళు పైకొచ్చి చల్లగైతయ్. ఆ చల్లటి తేమగాలి పోయి గుట్టలకు తాకుతది, పైన వేడిగాలి మూతబెట్టినట్టుంటది గనుక మబ్బు పైకి లేవది, మంచులెక్క పారుకుంట తుంపర పడ్తది. పెద్ద వాన గాదు. సెప్టెంబర్ ఆఖరుకల్ల ఆగిపోతది, రెండు నెలల్ల గడ్డి ఎండిపోతది.

సాంబ్రాణి_పొగ
కాక చెప్పింది పచ్చదనం వరకు నిజం. సలాలా అంటే అదొక్కటే కాదు. ఖోర్ రోరీ ఒడ్డున సుమ్‌హురమ్ రేవు శిథిలాలు, అల్ బలీద్ పాత రేవు పట్టణం, థుమ్రైత్ దారిలో వాదీ దౌకా లుబాన్ (ధూపం వేసే చెట్టు జిగురు, ఇంగ్లీషులో ఫ్రాంకిన్‌సెన్స్) తోట, ఎడారి అంచున శిస్ర్ శిథిలాలు, ఈ నాలుగూ కలిపి 2000లో యునెస్కో జాబితాలోకి వచ్చాయి. వాటిని చూడాలంటే చలికాలమే మేలు, ఖరీఫ్‌లో పొగమంచుకి పది గజాల దూరం కనపడదు. అయితే విమానంలో వెళ్ళాలి (గంటన్నర), రెండు రాత్రులు ఉండాలి. ఎనిమిది రోజుల్లో పెద్దవాళ్ళతో అంటే వద్దనే చెబుతాను.

లుబాన్ గురించి ఎవరూ అడగలేదు కానీ కొనేవాళ్ళు మోసపోయేది ఇక్కడే. మనం ఇంట్లో వేసే సాంబ్రాణి, లుబాన్ ఒకటి కావు. లుబాన్ చెట్టు మన అడవుల్లో ఉండే అందుగు చెట్టుకి దగ్గరి చుట్టం. అది తుంపర పడే సముద్రం వైపు కాదు, కొండల వెనక ఎండు వైపున పెరుగుతుంది. మన్‌ఖఫ్ అనే చిన్న పారలాంటి కత్తితో బెరడు గీస్తారు. మొదటి గీతకి కారిన జిగురుకి విలువ లేదు. రెండు వారాలాగి అదే చోట మళ్ళీ గీస్తారు. మూడో గీత నుంచి వచ్చేదే అసలు సరుకు. అన్నిటికన్నా ఖరీదు హోజరీ రకం. ముక్క వెలుతురులో పెడితే పాలలో లేత ఆకుపచ్చ కలిపినట్టు ఉండాలి, వెలుతురు లోపలికి పోవాలి. ఎర్రగా, పొడిపొడిగా, బెరడు ముక్కలతో ఉన్న సంచి చవకే, ఇల్లంతా మసి వాసన వస్తుంది. కొనేముందు ఒక ముక్క బొగ్గు మీద వేసి చూపించమనండి. నిమ్మ తొక్క లాంటి వాసన రావాలి. ముత్రాలో కూడా దొరుకుతుంది, దానికోసం సలాలా దాకా వెళ్ళక్కర్లేదు.

గేర్‌బాక్స్
ఇక బండి సంగతి. ఏడు సీట్ల బండి అంటే సరిపోదు, ఫోర్ బై ఫోరా (నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పేది) కాదా అన్నది తేల్చుకోవాలి. ఎత్తుగా కనపడే ఎస్‌యూవీల్లో అద్దెకిచ్చేవి చాలా మటుకు ముందు చక్రాలే తిరిగేవి. మీ ప్లాన్‌లో లేకపోయినా, నిజ్వా దగ్గరే ఉన్న జబల్ అఖ్దర్ కొండ ఎక్కే దారిలో బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసు చెక్‌పోస్టు ఉంది, అక్కడ ముల్కియా (బండి రిజిస్ట్రేషన్ కార్డు), లైసెన్సు చూస్తారు. ఫోర్ బై ఫోర్ కాకపోతే వెనక్కి పంపేస్తారు, బతిమాలితే లాభం లేదు. దారి మొత్తం తారు రోడ్డేగా అనొచ్చు. ఎక్కడానికి కాదు ఆ నిబంధన, దిగడానికి. సాయిఖ్ పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 2000 మీటర్లు. దిగేటప్పుడు కాలు బ్రేకు మీదే పెట్టుకుని వస్తే బ్రేకు నూనె మరిగి పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. అక్కడక్కడా బండి అదుపు తప్పితే ఎక్కించడానికి కంకర దారులు కట్టింది అందుకే. ఆటోమేటిక్ అయినా లీవర్ని రెండో గేరుకో, మాన్యువల్‌కో మార్చి ఇంజనుతో వేగం ఆపుకోవాలి. బ్రేకు చిన్న చిన్నగా తొక్కి వదలాలి. కాలిన వాసన వస్తే పక్కన ఆపి అరగంట చల్లారనివ్వండి, చక్రం మీద నీళ్ళు పొయ్యకండి, డిస్కు వంకర పోతుంది.

జబల్ షమ్స్ దారిలో చెక్‌పోస్టు లేదు కానీ పై భాగంలో కంకర ఉంది. అద్దె ఒప్పందంలో తారు దిగితే బీమా వర్తించదని చిన్న అక్షరాల్లో రాసుంటుంది. ఆ ఒక్క వాక్యం సంతకానికి ముందే అడిగి తేల్చుకోండి. లైసెన్సుతో పాటు మన ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ పట్టుకెళ్ళండి, లేకపోతే కొన్ని ఏజెన్సీలు తాళాలివ్వవు. స్టీరింగ్ ఎడమ వైపు, బండి నడిపేది కుడి వైపు. రౌండబౌట్‌లో లోపల తిరుగుతున్నవాడిదే హక్కు, మన అలవాటుకొద్దీ దూరితే గుద్దుకోవడమే.

ఉత్తరాంధ్ర_ఊళ్ళు
సలాలా తీసేశాం. ఎడారిలోకి మా బండే తీసుకెళ్ళొచ్చా? శిబిరం వాళ్ళు దారి గట్టిగానే ఉంటుంది అంటున్నారు.

గేర్‌బాక్స్
వాళ్ళకి గట్టిగానే ఉంటుంది, రోజూ తిరిగేవాళ్ళు. ఇసుక అలవాటు లేకపోతే బండి ఎడారి అంచు ఊరు బిదియాలో పెట్టి శిబిరం బండిలో వెళ్ళండి. చాలా శిబిరాలు అల్ వాసిల్ దగ్గరో బిదియా పెట్రోలు బంకు దగ్గరో ఎక్కించుకుంటాయి. పెద్దవాళ్ళున్నారు కాబట్టి ఇదే సరి.

సొంతంగానే వెళ్తాననేవాళ్ళకి: టైర్లలో గాలి 33, 35 ఉంటుంది కదా, 15 నుంచి 18 పీఎస్ఐకి దించాలి. గాలి తగ్గితే టైరు అడుగు పొడవుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోట పడి ఇసుకలో దిగదు. ట్రాక్షన్ కంట్రోల్ ఆపెయ్యాలి. చక్రం జారగానే అది ఇంజను బలం కోసేస్తుంది, సరిగ్గా బలం కావాల్సిన చోట బండి చతికిలపడుతుంది. తిన్నె నిటారుగా ఎక్కి నిటారుగా దిగాలి. ఏటవాలున అడ్డంగా తిప్పారా, బోల్తా. ఆగాల్సి వస్తే బ్రేకు వెయ్యకండి, కాలు తీసేస్తే ఇసుకే ఆపుతుంది. ఆగడం కూడా పల్లానికి ముఖం పెట్టి ఆగాలి, మళ్ళీ కదలడం తేలిక.

కూరుకుపోతే అందరూ చేసే పొరపాటు ఇంకా తొక్కడం. చక్రం నాలుగు చుట్లు తిరిగిందంటే బండి పొట్ట ఇసుకకి ఆనుతుంది, ఇక తాడు కట్టి లాగాల్సిందే. వెంటనే ఆపి, నాలుగు చక్రాల ముందూ వెనకా, పొట్ట కిందా ఇసుక తియ్యండి. గాలి ఇంకో మూడు నాలుగు పీఎస్ఐ దించి, వచ్చిన జాడలోనే వెనక్కి రండి. 12 కంటే తగ్గాక స్టీరింగ్ గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడిపోతుంది. తాడు కట్టేది ఛాసిస్ కొక్కేనికే. ట్రైలర్ బంతికి కడితే అది ఊడి తూటాలా వస్తుంది, మనుషులు పోయిన సందర్భాలున్నాయి.

పొద్దున మంచు తడికి ఇసుక పట్టుగా ఉంటుంది, మధ్యాహ్నానికి పిండి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు నీడలు లేక గుంటలు కనపడవు. ఒక్క బండితో లోపలికి వెళ్ళకండి. తిరిగి తారెక్కాక గాలి నింపకుండా వంద మీద పోతే టైరు పక్కలు మడతపడి వేడెక్కి పేలుతుంది. బిదియాలో రోడ్డు పక్కనే గాలి దుకాణాలున్నాయి.

వాదీలో_వాన
వాదీ షాబ్‌కి ఆరుగురూ వెళ్ళకండి. పార్కింగు దగ్గర చిన్న పడవ నీళ్ళు దాటిస్తుంది, రానుపోను మనిషికి ఒక రియాల్. తర్వాత ముప్పావు గంట నడక, మొదట గులకరాళ్ళు, తర్వాత అరుగు లాంటి బండల మీద కాలవ పక్కనే. అరిగి నున్నగా అయిన బండలు, చెప్పులతో జారతారు. రబ్బరు అడుగున్న, తడిసినా ఫరవాలేని బూట్లు కావాలి, నీళ్ళలో కూడా అవే. చివర మూడు మడుగులు ఈదాలి, మధ్యమధ్య కాలు ఆనుతుంది. ఆఖర్న రెండు బండల మధ్య తల పట్టేంత సందు, అందులోంచి దూరితే గుహలో జలపాతం. ఈత రానివాళ్ళు మొదటి మడుగు దగ్గరే ఆగాలి. లైఫ్‌జాకెట్ ఉంటే ఆ సందులో అడ్డమే, నీటిమట్టం పెరిగిన రోజున అసలు దూరకండి. ఫోన్లు నీరు చొరని సంచిలో. డిసెంబరులో అయిదున్నర లోపే పొద్దుగుంకుతుంది, పడవ అంతకుముందే ఆగిపోతుంది, అందుకని తొమ్మిదికల్లా మొదలెట్టాలి.

పెద్దవాళ్ళకి వాదీ బనీ ఖాలిద్ బాగుంటుంది. పార్కింగు నుంచి కాలవ గట్టున చదునైన దారి, పది నిమిషాల్లో పెద్ద మడుగు, పక్కనే నీడ, టీ దుకాణం. ఆడవాళ్ళు ఈదాలంటే మోకాళ్ళు దాటే లెగ్గింగ్, టీషర్టు వేసుకోవాలి. బిమ్మా గుంట మస్కట్‌–సూర్ హైవే పక్కనే. సున్నపురాయి కింద నీళ్ళు కరిగించి గుహ చేశాయి, పైకప్పు కూలి గుంటైంది. సముద్రం అరకిలోమీటరు దూరమే, అందుకే నీళ్ళు కాస్త ఉప్పన. మెట్లు దిగలేనివాళ్ళు పైన కటకటాల దగ్గర నుంచే మొత్తం చూడొచ్చు. కాళ్ళు నీళ్ళలో పెడితే చిన్న చేపలు కొరుకుతాయి, డబ్బులిచ్చి చేయించుకునే పాదసేవ ఇక్కడ ఊరికే.

ఒక్క మాట గట్టిగా: ఉన్నచోట ఆకాశం నీలంగా ఉన్నా, కొండల మీద మబ్బు పట్టిందంటే ఏ వాదీలోనూ దిగకండి. ఆ కొండలకి మట్టి లేదు, వాన నీరంతా ఇంకకుండా ఒక్కసారిగా వస్తుంది. నీళ్ళు గోధుమరంగు తిరిగినా, పుల్లాపుడకా కొట్టుకొచ్చినా సామాను వదిలేసి పైకెక్కాలి. రోడ్డు మీద పారుతున్న వాదీని బండితో దాటడం అక్కడ నేరం, రోడ్డు పక్కన పాతిన గుర్తు కర్రలు లోతు చూపించడానికే.

పెద్దబాలశిక్ష
నిజ్వా గురించి ఎవరూ రాయలేదు. సంతకి ఏడింటికల్లా ఉండాలి, తొమ్మిది దాటితే ఖాళీ. మేకలనీ ఆవులనీ గుండ్రంగా తిప్పుతూ ధర కేకేస్తారు, కొనేవాళ్ళు లోపలా బయటా కూర్చుంటారు. ఆ తిరిగే బాటలో నిలబడి ఫోటో తియ్యకండి, ఎద్దు మీ కోసం ఆగదు.

అక్కడి నుంచి కోట నడక దూరమే. పదిహేడో శతాబ్దంలో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించాడు. పెద్ద గుండ్రటి బురుజు అడుగు భాగమంతా మట్టీ రాళ్ళూ నింపి గట్టిచేశారు, పైన ఫిరంగులు పేలితే వెనక్కి తన్నే దెబ్బ తట్టుకోవాలని. మెట్ల దారి వంకరలు తిరుగుతుంది, ఒక్కో మలుపులో తలుపు, పైన కన్నం. ఆ కన్నాల్లోంచి మరిగే ఖర్జూరపాకం పోసేవారు. ఆ పాకం కింద మద్‌బసా గదిలో తయారవుతుంది: గాడులు తీసిన నేల మీద ఖర్జూరం బస్తాలు పేర్చితే బరువుకే రసం కారి కుండలో పడుతుంది. మెట్లు ఎత్తైనవి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింది గదులు చూస్తే చాలు.

ఫలజ్ దరీస్ తప్పకండి. కొండ కింద ఊటని పట్టి సొరంగంలో వాలు ఇచ్చి మోటారు లేకుండా ఊరికి తెచ్చే కాలవ. ఇలాంటివి అయిదు కలిపి 2006లో యునెస్కో గుర్తించింది. మన దక్కన్‌లో బీదర్ దగ్గర నౌబాద్ కరేజ్ చూసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది, అదే పద్ధతి. నీళ్ళు ముందు తాగడానికి, తర్వాత మసీదుకి, స్నానానికి, ఆఖర్న ఖర్జూర తోటలకి. తోటలకి వంతులు: అథర్ అంటే సుమారు అరగంట పారకం. మిస్ఫత్ అల్ అబ్రియీన్‌లో ఆ చిన్న కాలవ గట్టు మీదే నడవచ్చు, అయితే గట్టు అడుగు వెడల్పే, ఒక పక్క లోయ. పెద్దవాళ్ళని ఊరి మొదట్లో కాఫీ దగ్గర కూర్చోబెట్టండి.

బహ్లా కోట దారిలోనే. 1987లో యునెస్కో జాబితాకెక్కింది, మరుసటేడే ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చారు, 2004లో బయటపడింది. గంట చాలు. మనా దగ్గర 2023లో తెరిచిన పెద్ద మ్యూజియం (ఒమన్ ఎక్రాస్ ఏజెస్) మాత్రం సగం రోజు తినేస్తుంది, చరిత్ర ఇష్టమైతేనే.

సాంబ్రాణి_పొగ
నిజ్వా హల్వా కూడా. మన మాడుగుల హల్వాలా గోధుమపాల పట్టు ఆశించకండి, ఇది గంజిపిండి, పంచదార, నెయ్యి, కుంకుమపువ్వు, యాలకులతో చేసిన జిగట ముద్ద. వేడిగా ఉన్నప్పుడే బాగుంటుంది. మట్టి గిన్నెలో కొంటే సామాను బరువు.

ఉత్తరాంధ్ర_ఊళ్ళు
తాబేళ్ళ సంగతి? డిసెంబరులో కనిపిస్తాయా?

వాదీలో_వాన
రాస్ అల్ జిన్జ్‌లో పచ్చ తాబేళ్ళు ఏడాది పొడుగునా వస్తాయి, కానీ జోరు వేసవిలో, జూన్ నుంచి సెప్టెంబరు. డిసెంబరులో ఒకటి కనపడినా అదృష్టమే, ఒక్కోసారి ఖాళీ చేతులతో రావాలి. గైడుతోనే పంపుతారు, రాత్రి ఒక బృందం, తెల్లవారుజామున ఒకటి. రెంటిలో తెల్లవారుజాముది ఎంచుకోండి, తాబేలు లేకపోయినా సూర్యోదయం, తీరం మిగులుతాయి. టార్చి, ఫ్లాషు నిషేధం. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు ఎటు వెలుగుంటే అటు పాకుతాయి, చీకట్లో అది సముద్రం. ఫోను వెలిగించారంటే తీరం వైపు తిరిగి నక్కలకి దొరుకుతాయి.

ముత్రా_మెట్లు
మసీదుకి బట్టలు: ఆడవాళ్ళకి జుట్టు పూర్తిగా కప్పాలి, మణికట్టు, చీలమండ దాకా. చీర కట్టుకుంటే నడుము కనపడి ఆపేస్తారు, పొడుగు చేతుల చుడీదార్, పెద్ద దుపట్టా సుఖం. మగవాళ్ళకి పొడుగు ప్యాంటు. ఎనిమిదికే వెళ్ళండి, తొమ్మిదిన్నర తర్వాత ఓడల్లో వచ్చిన యాత్రికుల బస్సులు దిగుతాయి. పెద్ద హాలులో తివాచీ ఒక్కటే ముక్క, 70 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు, 21 టన్నులు. మీరు నడిచేది దాని మీద పరిచిన నీలం పట్టీ మీదే. గోడల ఇసుకరాయి మన దేశం నుంచి వెళ్ళింది, దాదాపు మూడు లక్షల టన్నులు.

డబ్బు: రియాల్‌కి వెయ్యి బైసాలు, చుక్క తర్వాత మూడు అంకెలు. 1.500 అంటే రియాలున్నర, పదిహేను వందలు కాదు. బైసా అన్నది మన పైసాయే, 1970 దాకా అక్కడ చెలామణీలో ఉన్నది రిజర్వ్ బ్యాంకు వేసిన గల్ఫ్ రూపాయి. ముత్రాలో చెప్పిన ధరకి మూడో వంతు తగ్గించి అడగండి, హిందీలోనే. సూక్ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా నిద్రపోతుంది. పక్కనే ప్రహరీ ఉన్న సూర్ అల్ లవాతియా ఇళ్ళ పేట, సందులు అందంగా ఉన్నాయని లోపలికి దూరకండి.

కరీంనగర్_కాక
మందుల గురించి రాయండ్రి. కోడీన్ ఉన్న దగ్గుమందు, ట్రమడాల్ అసొంటివి డాక్టర్ చీటీ లేకుండ తీస్కపోవద్దు. పెద్దమనుషులవి బీపీ, షుగర్ గోలీలు గూడ అసలు డబ్బాలల్నే ఉంచుండ్రి. దుబాయ్ మీదికెళ్ళి పోయేటోళ్ళు మసాలా పొట్లాల గసగసాలు పెట్టకుండ్రి, అక్కడ అది మత్తుపదార్థం కింద లెక్క. ప్లగ్గు మూడు చదును కాళ్ళది, అడాప్టర్ కావాలె. జబల్ షమ్స్ మీద రాత్రి చలి సున్నాకు దగ్గరికి పోతది, స్వెటర్లు మస్తుగ పెట్టుకోండ్రి.

ఉత్తరాంధ్ర_ఊళ్ళు
సరే, ఇలా మార్చాం. గురు: దిగి నిజ్వా. శుక్ర: సంత, కోట, ఫలజ్. శని: మిస్ఫా, జబల్ షమ్స్, పైనే బస. ఆది: సినావ్ మీదుగా బిదియా, శిబిరం బండిలో ఎడారి. సోమ: వాదీ బనీ ఖాలిద్, రాస్ అల్ జిన్జ్ బస. మంగళ: తెల్లవారి తాబేళ్ళు, సూర్, వాదీ షాబ్ (ముగ్గురం), బిమ్మా, మస్కట్. బుధ: మసీదు, ముత్రా. గురు: పాత మస్కట్, విమానం.

వాదీలో_వాన
మంగళవారం ఎక్కువైంది. నాలుగింటికి లేచినవాళ్ళు తొమ్మిదికి వాదీ షాబ్‌లో ఉండలేరు, పెద్దవాళ్ళు ముగ్గురి కోసం నాలుగైదు గంటలు పార్కింగులో కూర్చోవాలి. మంగళవారం సూర్‌లో పడవల కార్ఖానా చూసి అక్కడే పడుకోండి. బుధవారం పొద్దున వాదీ షాబ్, సాయంత్రానికి మస్కట్, రాత్రి ముత్రా. పెద్దవాళ్ళకి ఆ పూట తీవీ ఊళ్ళో గది అద్దెకు తీసుకుంటే చాలు.

ముత్రా_మెట్లు
అప్పుడు మసీదు గురువారం ఎనిమిదికి. రాత్రి విమానమే కాబట్టి సరిపోతుంది.

గేర్‌బాక్స్
శనివారం జబల్ షమ్స్ ఎక్కేముందు అల్ హమ్రాలో ట్యాంకు నింపుకోండి, పైన బంకు లేదు. కంకరలో వచ్చే బండికి స్టెప్నీలో గాలుందో లేదో నిజ్వాలోనే చూసుకోండి, అద్దె బండ్లలో అది తరచూ చప్పగా ఉంటుంది.